పొగ కంత కప్పిన రాత్రి, నిప్పు సంగతి

మత్తు డాక్టరు ఎసెన్‌గుల్‌కి ఒకటే జబ్బు. చేస్తున్న పని ఎదుటివాడికి అర్థమయ్యేదాకా సూది ముట్టడు. తలూపితే చాలదు, తిరిగి అప్పజెప్పాలి.

నరీన్ కొండల్లోని ఆ చిన్న ఆసుపత్రిలో పదకొండేళ్లుగా ఆయన పక్కన నిలబడి నిలబడి నర్సు బురుల్చాకి మోకాళ్లు అరిగిపోయాయి. లారీ డ్రైవరుకి ఇంజను లెక్కన, పాలమ్మే ఆవిడకి పాలలో వేసే తోడు లెక్కన మత్తు సంగతి చెప్పుకొచ్చేవాడు. ఒక గొర్రెలకాపరి వింటూ వింటూ గురకపెట్టాడు.

"మందు మిగిలింది. ఇక కానివ్వండి," అంది బురుల్చా.

"ఎలా కుదురుతుంది? లేపు. సగమే చెప్పాను."

ఒక శుక్రవారం ఆరేళ్ల అక్‌మోర్‌ని తెచ్చారు. అపెండిక్స్ వాచింది, వెంటనే కోయాలి. తాత సగింబాయ్ సంతకం పెట్టనన్నాడు. ఎందుకో చెప్పడు. కిటికీవైపు తిరిగి నిలబడ్డాడు. ఎసెన్‌గుల్ ఏమో స్టూలు లాక్కుని పిల్ల ముందు కూర్చున్నాడు.

"అయ్యా, ముందు ముసలాయన్ని ఒప్పించండి. పిల్లకేం తెలుస్తుంది?" అంది బురుల్చా నీరసంగా.

ఆయన వింటేగా! "తల్లీ, రాత్రి మీ గుడారంలో ఏం చేస్తారు?"

"పైన పొగ పోయే కంతని కప్పేస్తాం."

"మరి నిప్పు?"

"బూడిద కింద ఉంటుంది."

"నేనూ అంతే. నీ కళ్లు కప్పేస్తాను. లోపల నిప్పు అలాగే ఉంటుంది. నువ్వు లేచేదాకా పక్కనే కూర్చుని చూస్తుంటాను."

"నీకు నిద్రొస్తే?"

"ఈ అత్త గిల్లుతుంది."

"గట్టిగానా?"

"మొహం చూస్తున్నావుగా!"

పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది.

"నిప్పు ఆరదు! ఏదీ, చెప్పు?" అని ఆయన గావుకేక పెట్టాడు. పిల్లకేం చెవుడా అని బురుల్చా విసుగ్గా తలెత్తింది. ఆయన చూపు పిల్లమీద లేదు, కిటికీ దగ్గరి వీపుమీద ఉంది. అక్కడ ముసలాయన పెదవులు మెల్లగా కదులుతున్నాయి. పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ ఏదీ అడిగి ఎరగని మనిషి. ఇన్నేళ్లూ డాక్టరు పిల్లలకి చెప్పిన మాటలన్నీ ఎవరికి చెప్పినవో బురుల్చాకి అప్పుడు తెలిసింది.

"నిజంగా ఆరదా అని... మనవరాలు అడగమంటోంది," అన్నాడు సగింబాయ్, ఇటు తిరక్కుండానే.

"ఆరదని మనవరాలికి చెప్పండి."

తాత పెన్ను అందుకున్నాడు.

నాలుగో రోజుకి అక్‌మోర్ రొట్టె కావాలని పేచీ పెడుతోంది. వరండాలో సగింబాయ్ ఒక పసిబిడ్డ తల్లికి కంత గురించీ, నిప్పు గురించీ చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. ఎసెన్‌గుల్ అక్కడే ఆగిపోయాడు.

"నడవండి, వార్డులో అందరూ ఎదురుచూస్తున్నారు."

"ఉండు. నాకంటే బాగా చెబుతున్నాడు."

బురుల్చాకి వాదించే ఓపిక లేదు. వెళ్లి రెండు కుర్చీలు లాక్కొచ్చింది.