నూట రెండు డిగ్రీల అచ్యుతరావు

మా పాండురంగారావుగారబ్బాయి అచ్యుతరావు ఊళ్ళోవాళ్ళ కోపాన్ని కొలిచేవాడు. మాటవరసకి కాదు, నోట్లో థర్మామీటరు పెట్టి మరీ!

వాల్తేరు యూనివర్సిటీలో ఆనర్సు చదువుతూ, పంతొమ్మిది వందల ముప్పై ఆరు వేసవి సెలవులకి ఏలూరు వచ్చాడు. మూడో క్లాసుతోనే బడికి దణ్ణం పెట్టిన దాన్ని, సంగతి తెలుసుకోకపోతే నాకు అన్నం సయిస్తుందా? వెళ్ళి అడిగాను.

“ఇదేం చదువు నాయనా?”

“రిసెర్చి అండీ, పిన్నిగారూ. నలుగురం కలిసి కోపాన్ని పంచుకున్నాం. చరిత్రవాడికి రాజుల కోపాలు, కెమిస్ట్రీవాడికి కోపంలో పట్టే చెమట, లెక్కలవాడికి అది ఎంతసేపుంటుందో గ్రాఫు. నాది ఫిలాసఫీ. సెలవులయ్యేలోగా వంద కోపాలు, డిగ్రీలతో సహా పట్టుకెళ్ళకపోతే ప్రొఫెసరుగారు నన్ను గుమ్మం ఎక్కనివ్వరు.”

“వందేం ఖర్మ! పాలవాడు వచ్చి వెళ్ళేసరికే మన వీధిలో పాతిక దొరుకుతాయి” అని ఊరి గౌరవం నిలబెట్టాను.

ఇక ఎక్కడ గొంతు లేస్తే అక్కడ అచ్యుతరావు ప్రత్యక్షం. “మూడు నిమిషాలండీ, ఆ తిట్టు నోట్లోనే ఉంచుకోండి!”

కోడలు సరోజ పాలు పొంగబెట్టి నేలపాలు చేసిందని ఎదురింటి శేషారత్నం కేకలేసిన రోజున అలాగే వెళ్ళాడు. నలుగురి నోళ్ళలో తిరిగిన గాజుపుల్లని శేషారత్నం ఊరికే పెట్టుకుంటుందా? చింతపండు పెట్టి తోమింది. తోమేసరికి సగం కోపం పోయింది.

“ఎంతోయ్?” అంది మూడు నిమిషాలయ్యాక.

“నూట రెండండీ!”

“నూట రెండటే, సరోజా!” అని కోడలికే చెప్పుకుని మురిసిపోయింది.

తన పుట్టింటి ఉత్తరంలో ఏముందో సరోజ నాకు చెప్పకుండా దాచిన రోజున నాకూ నూట రెండే. రైల్వే గుమాస్తా దేవరాజుకీ నూట రెండే.

“అందరికీ అంతేనా?” అంటే, “ఏలూరు నీళ్ళండీ” అనేవాడు.

తొంభై తొమ్మిదో కోపం వెనకవీధి తివాచీల మగ్గం దగ్గర దొరికింది. అన్న మహబూబ్ రంగులు పాటలా చదువుతుంటే, అతనూ తమ్ముడు కాలేషా పక్కపక్కన కూర్చుని ముడులు వేస్తారు. నాలుగు నెలల నేత. ఆ రోజు కాలేషా ధ్యాస ఎటు పోయిందో, అన్న వైపు పువ్వుకి ఐదు రేకులు, తమ్ముడి వైపు పువ్వుకి ఆరు వచ్చాయి.

“నీ పొత్తే వద్దు! సగానికి కోసేస్తా, నీ సగం నువ్వు పట్టుకుపో!” అని మహబూబ్ మగ్గం మీది పడుగు దారాల మీదికి కత్తి ఎత్తాడు. కేకలు వినబడితే నా కాళ్ళు ఆగవు గనక నేనూ అక్కడే ఉన్నాను.

అచ్యుతరావు కత్తికీ తివాచీకీ మధ్య దూరాడు. “మహబూబ్ గారూ, ఇంత మంచి కోపం నాకింతవరకు దొరకలేదు. పాడుచెయ్యకండి, నోరు తెరవండి! కత్తి కింద పెట్టండి, ఆ బరువుకి లెక్క తప్పుతుంది.”

చదువుకున్న పిల్లాడు అడిగితే కాదనలేని మనిషి మహబూబ్. నోరు తెరిచాడు, కత్తి పెట్టాడు. అచ్యుతరావు వెనకచేత్తో సైగ చేస్తే కాలేషా గబగబా ముడులు విప్పాడు. ఆ మూడు నిమిషాలు పావుగంట సాగాయి. ఆరో రేకు రాలిపోయింది.

“ఎంత బాబూ?” అన్నాడు మహబూబ్ మెత్తగా.

“నూట రెండండీ!”

“అంతేనా!” అని నిరాశపడి, తమ్ముడి పక్కన కూర్చుని, “ఆకుపచ్చ రెండు, ఎరుపు ఒకటీ” అని మళ్ళీ అందుకున్నాడు.

బయటికి రాగానే థర్మామీటరు లాక్కున్నాను. “కాంపౌండరు దీన్ని విదిలించి గాని పెట్టడు. నువ్వు ఒక్కసారైనా విదిలించావుటయ్యా?”

“లేదండీ. వచ్చే ముందు నాకు జ్వరమొచ్చింది. ఆ నూట రెండే ఇది.”

“మరి ఇన్నాళ్ళూ కొలిచిందేమిటి?”

“మూడు నిమిషాలు నోరు మూసుకుంటే చాలండీ. ఆ తరవాత తిట్టు ఎక్కడ ఆపారో ఎవరికీ గుర్తుండదు.”

“మరి ప్రొఫెసరుగారికి డిగ్రీలు చూపించొద్దూ?”

“లేవంటే ఆయనకి కోపమొస్తుంది కదండీ. అదే వందోది!”

నోటుబుక్కు కూడా లాక్కున్నాను. అందులో ఒక్క డిగ్రీ లేదు. ‘శేషారత్నంగారు: మోకాలి నొప్పి. మహబూబ్ గారు: పొద్దుటినుంచి అన్నం తినలేదు. రత్నమాణిక్యం పిన్నిగారు: అసలు కోపమే లేదు. ఎవరైనా కబురు దాస్తే వస్తుంది, చెబితే పోతుంది.’

“వీధిలో అందరికీ ఉండి నాకే లేదుటయ్యా కోపం?” అని మీదికి లేచాను.

“అయితే వందోది మీదే, ప్రొఫెసరుగారిది నూట ఒకటోది చేస్తానండీ” అంటూ అచ్యుతరావు థర్మామీటరు ఉత్తరీయంతో తుడిచాడు.

నేను నోరు తెరిచాను. తిట్టడానికేననుకోండి.