ఉడకని సున్నం

ఏళ్లుగా ఒక మాట నా గొంతులో గడ్డలా ఉంది. మింగలేను, ఉమ్మలేను. ఎవరికీ చెప్పలేదు. పేరు రాయను, మెదక్‌లో నన్నెరిగినవాళ్లు ఇంకా ఉన్నారు. మీరు మాత్రం చివరిదాకా చదవండి.

నేను సున్నం పని మేస్త్రిని. బడి నాలుగో తరగతితో ఆగింది. ఇంగ్లీషు అక్షరాలు సిమెంటు సంచుల మీద నేర్చుకున్నాను, మిగతాది పాత పేపర్లలో. తెలంగాణ కోసం రోజుకో బంద్ జరుగుతున్న రోజుల్లో మా ఊళ్లో మూడంతస్తుల ఆఫీసు ఒకటి లేచింది. దానికి గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికెట్ రావాలట. వాననీళ్లు ఇంకాలి, చెత్త వేరుచేయాలి, సరుకు దగ్గర్లోదే వాడాలి, కప్పు వేడెక్కకూడదు. ప్రతిదానికీ మార్కులు, ప్రతిదానికీ కాగితాలు. కప్పుకు పరచాల్సిన తెల్ల పలకల లారీ రాస్తారోకోలతో రానే లేదు. ఇంజనీరు తల పట్టుకున్నాడు.

నేనే చెప్పాను. పాతకాలపు గచ్చు వేసి పైన తెల్ల సున్నం పూస్తే ఎంత ఎండైనా కింద చల్లగా ఉంటుందని. కొలతలతో సహా కాగితం మీద గీసిచ్చాను. వారం తర్వాత హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దసార్ల ముందు ఇంజనీరు అదే కాగితాన్ని తన ఆలోచనగా చదివాడు.

"సార్, గది నేను గీసింది గద" అన్నాను.

వాడు నవ్వాడు. "నువ్వు ఏ కాలేజ్ తాతా? బిల్డింగుకు సర్టిఫికెట్ తర్వాత, ముందు నీకుందా?"

పెద్దసార్లూ నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవిలోంచి పోలేదు. నాకు లేనిది నీ బిల్డింగుకూ రానివ్వననుకున్నాను.

కప్పుకు సున్నమే ఖాయమైంది. దాన్ని చెడగొట్టడం సున్నం తెలిసినవాడికెంత పని? కాల్చిన సున్నం నీళ్లలో పూర్తిగా ఉడకాలి, రోజుల తరబడి నానాలి. ఉడకని పలుకులు పూతలో ఉంటే తడి తగిలాక ఉబ్బి పేలతాయి. నానబెట్టే పని సత్తెమ్మది. హవేలిఘనపూర్ నుంచి రోజూ వచ్చేది, పన్నెండేళ్లుగా నా దగ్గరే కూలి. ఆమె జల్లెడ పట్టి పెట్టిన వెన్నలాంటి సున్నంలో, అందరూ అన్నాలు తినే వేళ, నేను ఉడకని పచ్చి సున్నం పలుకులుగా దంచి కలిపాను. నా చేత్తోనే.

రెండు వానలు పడ్డాయి. పరిశీలనకు వచ్చినవాళ్లు పైకెక్కేసరికి కప్పంతా బొబ్బలు. పెచ్చులు లేచి, నీళ్లు దిగి, కింద మీటింగ్ గది నిండా మరకలు. ఇంజనీరు ముఖం మాడిపోయింది. దాన్ని తలచుకుంటే ఇప్పటికీ నా కడుపు చల్లగా ఉంటుంది. వాడి విషయంలో నాకు బాధ లేదు. ఉండాలా?

కానీ వాడు ఊరుకున్నాడా? సున్నం ఎవరు నానబెట్టారని అరిచాడు. సత్తెమ్మ వచ్చి నిలబడింది. వాడి వైపు చూడలేదు, నా వైపు తిరిగింది.

"అన్నా, తొమ్మిది దినాలు నానవెట్టిన. నువ్వు దగ్గరుండి సూసినవ్ గద. జర సారుకు చెప్పు."

"నాకేం ఎర్క? నేను గోడ పని మీదున్న."

"గట్లనా అన్నా" అంది. అంతే. ఏడవలేదు. సున్నానికి పగిలిన చేతులు కొంగుకు తుడుచుకుని, టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయింది.

సర్టిఫికెట్ రాలేదు. కప్పు మీద సిమెంటు పోసి, కిటికీకో ఏసీ పెట్టారు. ఇంజనీరుకు నెల తిరక్కుండా ఇంకో ఊళ్లో ఇంకో బిల్డింగ్ దొరికింది. సత్తెమ్మను మాత్రం మెదక్‌లో ఏ మేస్త్రీ పిలవలేదు. నాట్లకు పోయింది. ఆ వయసులో, ఆ నడుముతో. నేనెవరి మీద పగ తీర్చుకున్నట్టు?

ఒకసారి పాపన్నపేట పోయే ఆటోలో కనిపించింది. నన్ను చూసి పక్కకు జరిగింది. "కూసో అన్నా" అంది. నేను ఎక్కలేదు.

ఇంజనీరు మాటకు కాలేజీ ముద్ర ఉంది. నా అబద్ధానికి మేస్త్రి అన్న పేరుంది. ఆమె చెప్పిన నిజానికే ఏ కాగితమూ లేకపోయింది. అందుకే రాస్తున్నాను. సత్తెమ్మ సున్నం తొమ్మిది రోజులు నానింది. జల్లెడ సన్నగా పట్టింది. అందులో పలుకు లేదు. కలిపింది నేను.

సంతకం లేని సర్టిఫికెట్ చెల్లదని నాకు తెలుసు. అయినా రాశాను. గొంతులో గడ్డ కాస్త కరిగింది, నాకు. ఆమెకు కాదు.