ల్యాప్‌టాప్‌లో ముందే వచ్చిన శ్రావణం

వాకాడు అవతల, పొలం గట్టు మీద నిలబడితే సముద్రం హోరు వినబడే ఊళ్లో హజరత్తయ్య కాలువ నీళ్ల వంతులు చూస్తాడు. ఎవరి పొలానికి ఏ రోజు ఏ గంటకు నీళ్లు వదలాలో ఆయనే చెప్పాలి. ఇరవై ఏళ్లుగా అదంతా ఆయన తలలోనూ, చొక్కా జేబులోని కాగితంలోనూ ఉంది. తలైనా కాస్త నయం. కాగితం చెమటకు తడిసి ఆయనకే అర్థమయ్యేది కాదు.

మంచి మనిషే. కాకపోతే మంచిరోజు చూడనిదే చెప్పులు కూడా కొనడు. ఒకసారి చెప్పు తెగితే, అమావాస్య దాటేదాకా దాన్ని ఈడ్చుకుంటూనే కాలువ గట్టంతా తిరిగాడు.

ఈసారి ఎండాకాలంలో వేసే ఎడగారు పంటకు నీళ్లు తక్కువయ్యాయి. కాలువ చివర, ఉప్పునేల పక్కన పొలమున్న సమాధానం అనే రైతు నీళ్ల సంఘం మీటింగులో లేచి, వంతులు నీ జేబులో ఉంటే మాకేం తెలుస్తుంది, కావలసినవాళ్లకు ముందు వదులుతున్నావేమో అన్నాడు. ఆ మాట హజరత్తయ్యకు బాగా గుచ్చుకుంది. ఆ పూట అన్నం సరిగా తినలేదు, అంటే మూడోసారి పెట్టించుకోలేదు. తినక ముందే మీటింగులో ఒక మాట కూడా ఇచ్చేసి వచ్చాడు. వచ్చే మీటింగు నాటికి వంతులన్నీ అందరికీ కనబడేలా కంప్యూటర్‌లో పెడతానని, పెట్టలేకపోతే ఈ పని ఇంకెవరికైనా అప్పజెప్పుకోమని. మాటిచ్చి ఇంటికొచ్చాక, కంప్యూటర్‌లో అలాంటివి పెట్టవచ్చునా అని కోడలు రేవతిని అడిగాడు.

రేవతి నెల్లూరులో డిగ్రీ చదివింది. పుట్టింటికి పోయినప్పుడు మామ చెప్పిన వంతులతో చెల్లెలి కంప్యూటర్ మీద పేజీలన్నీ తయారుచేసి పెన్‌డ్రైవులో తెచ్చింది. సంఘం ల్యాప్‌టాప్‌లో అవి నడవాలంటే ముందు టూల్‌కిట్ అనే సాఫ్ట్‌వేర్ ఒకటి ఇన్‌స్టాల్ చేయాలంది. దాన్ని ఓపెన్ సోర్స్ అంటారని, ఊరికే ఇస్తారని, లోపల ఏముందో ఎవరైనా విప్పి చూసుకోవచ్చునని చెప్పింది. జేబులో దాచుకోకుండా అందరి ముందూ పరిచే సరుకన్నమాట అని హజరత్తయ్య ముచ్చటపడ్డాడు.

అంతా బాగుంది గానీ ఆషాఢం వచ్చిపడింది. ఆషాఢంలో కొత్తపని మొదలుపెట్టడమా? ఇవాళ వద్దు, రేపు చూద్దాం అంటూ దాటేస్తూ వచ్చాడు. తెల్లవారితే మీటింగు అనగా, దాటేయడానికి ఇక రోజే మిగల్లేదు. ఆ మధ్యాహ్నం రేవతి బట్టలు ఆరేయడానికి పోగానే ల్యాప్‌టాప్ తెరిచాడు. ఫోనులో లాగే ఉంటుందిలే అని వెతికి, తేదీని దానంతటదే సరిచేసుకోకుండా ఆపి, గోడ క్యాలెండర్‌లో శ్రావణమాసపు మంచి గురువారం ఒకటి చూసి దాన్ని పెట్టేశాడు. ఊళ్లో ఆషాఢం ఉంటే ఉండనీ, పని జరిగే చోట శ్రావణం. తన తెలివికి తనే మీసం దువ్వుకున్నాడు.

రేవతి వచ్చి కూర్చుని నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు కొట్టింది. రెండు వరుసలు కదిలాయి. మూడోది ఎర్రగా వచ్చి ఆగింది. మళ్లీ కొట్టింది, మళ్లీ ఎరుపే.

"ఏందంటుంది?" అన్నాడు హజరత్తయ్య.

"టూల్‌కిట్ ఇచ్చే సైటు సర్టిఫికెట్‌కు గడువు అయిపోయిందంట మామా. దొంగ సైటేమోనని ఇది తీసుకోవట్లేదు."

ఊరికే ఇచ్చేవాళ్లకు గడువులు చూసుకునే తీరికెక్కడిది అని ఆయన తప్పంతా అవతలివాళ్ల మీదికి తోసేశాడు. రేవతి ల్యాప్‌టాప్ ఆపి తెరిచింది, నెట్ మార్చింది. సాయంత్రం నాలుగైంది. చివరికి అదే సైటును తన ఫోనులో తెరిచి చూస్తే చక్కగా తెరుచుకుంది. సర్టిఫికెట్‌కు ఈ నెలాఖరు దాకా గడువుందే అని తనలో తను అనుకుంది.

అది హజరత్తయ్య చెవిన పడింది. ఈ నెలాఖరు దాటిపోయింది ఆ ల్యాప్‌టాప్‌లో ఒక్కదాంట్లోనే అని అప్పుడు తట్టింది. లేచి వెళ్లి చెంబెడు నీళ్లు తాగాడు. చెబితే కోడలు నవ్వుతుంది. చెప్పకపోతే రేపు సమాధానం నవ్వుతాడు. కోడలి నవ్వు ఇంట్లోనే ఉంటుంది, సమాధానం నవ్వు కాలువ పొడుగునా పోతుంది. ఇంకో చెంబు తాగి లోపలికి వచ్చాడు.

"అమ్మాయ్, దాంట్లో తేదీ చూసినావా?"

ఆ ల్యాప్‌టాప్ మూలన గంటలు, నిమిషాలే కనబడతాయి. రేవతి సెట్టింగుల్లోకి పోయి చూసింది.

"మామా, ఆగస్టు ఎట్ట వచ్చింది?"

"నేనే తెచ్చినా."

"ఎందుకు?"

"ఆషాఢం గదా."

రేవతి ముఖం గోడవైపు తిప్పుకుంది. భుజాలు మాత్రం ఊగుతున్నాయి. వంటింట్లోంచి అత్త మాలకొండమ్మ వచ్చి సంగతి తెలుసుకుని, "నన్ను చేసుకునేటప్పుడు కూడా ఇట్టనే మంచిరోజు చూసినాడమ్మే. చూసి ఏం బాగుపడినాడో అడుగు" అని మళ్లీ పొయ్యి దగ్గరికి పోయింది.

ఆషాఢంలోనే చేయక తప్పదా అని హజరత్తయ్య ఆఖరుగా అడిగి చూశాడు. తప్పదంది కోడలు. ఆయన కళ్లు మూసుకుని, "సరే, కానీ" అన్నాడు. రేవతి అసలు తేదీ పెట్టింది. ఈసారి వరుసలన్నీ తెల్లగానే పరుగెత్తాయి. పది నిమిషాల్లో టూల్‌కిట్ ఎక్కింది, పెన్‌డ్రైవులోని పేజీలు తెరుచుకున్నాయి. ఆయన ఇంటి పైకప్పు వైపు ఒకసారి చూశాడు. ఏమీ కూలలేదు.

పొద్దున మీటింగులో ల్యాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టారు. ఏ రోజు ఎవరి వంతో పేర్లతో సహా వరుసగా కనబడుతోంది. జనం మూగారు. సమాధానం అందరికంటే ముందుకొచ్చి తెర మీద వేలు జరుపుకుంటూ తన పేరు దగ్గర ఆగాడు.

"శనివారం తెల్లారి నాలుక్కా? నాకు మోకాళ్ల నొప్పులు హజరత్తన్నా."

"నాది చూడు."

సమాధానం వేలు ఒక గీత పైకి జరిపాడు. హజరత్తయ్య వంతు అదే రోజు, అర్ధరాత్రి దాటాక రెండింటికి. పక్కనున్నవాళ్లు కూడా తలలు వంచి చూశారు. జేబు సంగతి ఎవరూ ఎత్తలేదు.

"అయితే నీకు తోడుగా నేనూ రెండింటికే వస్తాలే," అన్నాడు సమాధానం. "టార్చి నువ్వు తీసుకురా. నాదాంట్లో బ్యాటరీ అయిపోయింది."