ఆఖరి మాట అద్దాల గురించి

“అద్దాలు రెండు అతికియ్యొద్దని చెప్పు. నడుమ నూనె పొయ్యమను.”

“చెప్త. మీరు జర పండుకోండ్రి.”

వనపర్తి దవాఖానలో నేనూ మా ఆయనా ఆఖరున మాట్లాడుకున్నది ఇంతే. తెల్లవారకముందే ఆయన పోయాడు.

పెద్ద టెలిస్కోపు వెనక బిగించే యంత్రానికి ఏ అద్దం ఎక్కడ ఉండాలో లెక్క కట్టడం ఆయన కొలువు. అది చుక్క వెలుగును రంగులుగా విడదీస్తుంది. ఆ రంగులు చూసి చుక్కలో ఏముందో చెబుతారట. నాకు సంతకం వరకే వచ్చు. అయినా ఇంట్లో అన్నీ నాతో చెప్పేవాడు. అద్దాలు రెండూ ఒక రకం కావు, టెలిస్కోపు ఉండే కొండ మీద చలికి ఒకటి ఎక్కువ ముడుచుకుంటుంది, గట్టిగా అతికిస్తే పగులుతుందని ఆయన బెంగ.

మయ్యత్తుకు వచ్చిన ఆడవాళ్లు, ఆఖరి ఊపిరిలో అల్లాను తలిచే కలిమ చదివాడా అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే మా ఆడబిడ్డ, “సద్వకుండ పోతడా మా తమ్ముడు?” అంది. నేను తల దించుకున్నాను.

మూడోనాడు, జియారత్ రోజున, బెంగళూరు నుంచి ఆయనతో పనిచేసే పిల్లవాడు అమరచింతలో మా ఇంటికి వచ్చాడు. నేను భర్త పోయినవాళ్లు పాటించే ఇద్దత్‌లో ఉన్నాను, పరాయి మగవాళ్ల ఎదుట పడకూడదు. పరదా అవతల నిలబడి, “సార్ పని ఆగదమ్మా. రేపే అద్దాలు అతికించేస్తున్నాం” అన్నాడు.

లోపలంతా చుట్టాలే. చెబితే కలిమ మాట అబద్ధమని అందరికీ తెలుస్తుంది. చెప్పకపోతే అద్దం పగులుతుంది.

“అతికియ్యకుండ్రి” అన్నాను. “నడుమ నూనె పొయ్యమన్నడు.”

“ఎప్పుడన్నారమ్మా?”

“పొయ్యే ముంగట. గదే ఆఖరి మాట. ఇంకేం అనలే.”

ఆడబిడ్డ నా ముఖం చూసింది. తర్వాత పరదా వైపు తిరిగింది.

“ఇన్నవా బాబూ? బతికినన్నాళ్లు ఇంట్ల గా అద్దాల ముచ్చటనే. పొయ్యేటప్పుడు మాత్రం మారుతడా? సక్కగ రాసుకో.”

అలా అని కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

బెంగళూరులో వాళ్లు ముందు వేరే అద్దం ముక్కలు అతికించి చలిపెట్టెలో పెట్టి చూశారట. పగిలాయి. అసలు అద్దాల నడుమ నూనే పోశారు. యంత్రాన్ని కొండ మీద టెలిస్కోపుకు బిగించారని ఆ పిల్లవాడు ఫోను చేశాడు.

కలిమ సంగతి ఇప్పటికీ అడుగుతారు. లేదనే చెబుతాను. ఆయన నమాజు ఎలాంటిదో అల్లాకు తెలుసు.

బేటీ, నువ్వు నా ఆడబిడ్డ కూతురివి, మామ మీద ప్రేమ ఉంటుంది. నేను చెబుతుంటే నువ్వు రాసింది ఒకసారి పైకి చదువు. ఆయన కలిమ చదివాడని నీ అంతట నువ్వు కలిపావేమో వింటాను.