ఎర్రగుడ్డకు బెదరనివాళ్లు

నిజాం రోజుల్లో వేసిన మా తాండూరు రోడ్డుకు ఈ రోజు మరమ్మతు మొదలైంది. కంకర కొట్టే ఎల్లమ్మ మా ఇంటి ముందే, రోడ్డు అంచున, వచ్చే బండ్లకు వీపు పెట్టి కూర్చుంది. ఆమె వెనక కర్రకు ఎర్రగుడ్డ కట్టారు గానీ దాన్ని ఎవరూ లెక్కచేయలేదు. నాపరాళ్ల లారీ ఒకటి ఆమె కొంగును రాసుకుంటూ పోయేసరికి నేను గబగబా వాకిట్లోకి వచ్చాను.

"జర లోపలికి జరిగి కూసో ఎల్లమ్మా!" అన్నాను.

"ఏడికి జరగాలమ్మా? కంకర గీడనే పోసిన్రు. గా గుడ్డకు ఎద్దన్న బెదురుతది గాని మనిషి బెదురుతడా?" అంది.

మనిషి దేనికి బెదురుతాడో నాకు తెలుసు. నిమ్మకాయ కోసి, కుంకుమ అద్ది, నాలుగు ఎండుమిరపకాయలతో సహా ఆ కర్ర ముందు రోడ్డు మీద పెట్టాను. అంతే! సైకిళ్లవాళ్లు దిగి నడిపించుకుపోయారు. లారీ డ్రైవరు సైతం దండం పెట్టుకుని అవతలి అంచు పట్టాడు. ఎల్లమ్మ సాయంత్రం దాకా నవ్వుకుంటూ పని చేసుకుని, క్షేమంగా ఇంటికి వెళ్లింది.

మావారు మాత్రం వెనక సందులోంచి వచ్చి పెరటి తలుపు తట్టారు. "మన వాకిట్ల ఎవరో ఏందో చేసిపెట్టిన్రు, బయటికి రాకు" అన్నారు గుసగుసగా.

"నేనే పెట్టిన" అన్నాను.

"అయితె నువ్వే తియ్యి."

చీపురు పట్టుకుని వెళ్లాను. నేను కోసిన కాయే, మా ఇంటి కుంకుమే. అయినా చెయ్యి రాక వెనక్కి వచ్చాను. మీలో ధైర్యవంతులెవరైనా ఉంటే చెప్పండి, చీపురు నేనే ఇస్తాను.