ఎల్లన్న ఊరేగింపులో నా ఎల్‌ఈడీ దీపాలు

ముప్పై ఏళ్లు కొలువు చేసిన ఒక పెద్దమనిషిని, మెడలో దండతో, భుజాన శాలువాతో, జోరువానలో నడిరోడ్డు మీద నిలబెట్టిన ఘనత నాది. అందుకు లారీ గుద్దలేదు, టైరూ పేలలేదు. చిటికెనవేలి గోరంత దీపం ఒకటి చాలింది. ఎలా చాలిందో చెబుతాను. నవ్వండి, కాదనను. కానీ నవ్వాల్సింది నన్ను చూసి, ఆయన్ను చూసి కాదు.

ఆ పెద్దమనిషి మా ఎల్లన్న. పటాన్‌చెరులో మేం పనిచేసే ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. పక్క కంపెనీలకు కరెంటు ప్యానెళ్లు తయారుచేయడం మా పని. నాకు స్క్రూడ్రైవర్ ఏ చేత్తో పట్టుకోవాలో నేర్పింది కూడా ఆయనే. కంది ఊరికి అవతలి పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చి, బస్సులో పోయేవాడు. రిటైరయ్యే రోజు మాత్రం ఆయన కారులో దిగాలని ఊరంతా ముచ్చటపడింది. డప్పులు కూడా మాట్లాడి పెట్టారు.

తీరా చూస్తే ఆ రోజుకు కంపెనీ కారు ఖాళీ లేదన్నారు.

"పోనీ తియ్‌రా శ్రీశైలం, బస్సుల పోతం. ముప్పై ఏండ్లు పోలేదా?" అన్నాడు ఎల్లన్న.

"బస్సేందన్నా! నా కారు లేదా?" అన్నాను ఛాతీ విరుచుకుని.

నా కారంటే మా పెద్దనాయన వాడి వాడి నాకు వదిలేసిన పెట్రోలు అంబాసిడర్. బండి బంగారమే గానీ, మీటర్ల వెనకాల బల్బులు మసకబారిపోయాయి. పొద్దుగూకితే వేగం ఎంతో తెలుసుకోవడానికి అగ్గిపుల్ల గీయాల్సిందే. అప్పుడే మా ప్యానెళ్లకు బల్బుల స్థానంలో ఎల్‌ఈడీలు వస్తున్నాయి. "ఇగ బల్బు కాలం ఒడిసింది" అని క్యాంటీన్లో కనిపించిన ప్రతివాడికీ ఉపన్యాసం ఇస్తున్న రోజులవి. గురువుకు శాలువా ఎవరైనా కప్పుతారు, శిష్యుడి పనితనం చూపించేది నేనొక్కణ్ణే అనుకున్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త ఎలక్ట్రీషియన్ హద్దెరగడు.

ఆదివారం కూర్చుని, కోఠిలో కొన్న ఎల్‌ఈడీలను మీటర్ల వెనక బిగించాను. మామూలు బల్బును ఎటు తిప్పి పెట్టినా వెలుగుతుంది. ఎల్‌ఈడీకి ముందూ వెనకా ఉంటాయి, తిరగేస్తే వెలగదు. ఈ సంగతి నాకు తెలుసు. తెలియదని ఎవరూ అనుకోకండి. తాళం తిప్పాను. మీటర్లన్నీ పచ్చగా ధగధగమన్నాయి. ఒక్క ఎర్రదీపం మాత్రం వెలగలేదు. బ్యాటరీకి చార్జింగ్ అందనప్పుడు వెలిగే హెచ్చరిక దీపం అది. ఇదివరకు తాళం తిప్పగానే వెలిగి, ఇంజన్ అందుకోగానే ఆరిపోయేది. ఇప్పుడు అసలు వెలగనేలేదు. నేను క్షణం ఆలోచించి తేల్చేశాను: హెచ్చరిక దీపం వెలగలేదంటే హెచ్చరించడానికి ఏమీ లేదన్నమాట! పాత బల్బులన్నీ చెత్తకుప్పలో పారేసి, కాఫీ తాగి, హాయిగా పడుకున్నాను.

సోమవారం సాయంత్రం సన్మానం ముగిసింది. అంబాసిడర్‌కు కూడా బంతిపూల దండలు వేశారు. వెనక సీట్లో ఎల్లన్న భార్య నర్సమ్మ వదినె, ముందు నా పక్కన ఎల్లన్న. వాన అందుకుంది. లైట్లు వేశాను, వైపర్లు వేశాను. దారి పొడుగునా హారన్ కొట్టుకుంటూ బయలుదేరాను.

"ఎట్లున్నదన్నా మీటరు?"

"పచ్చగ మంచిగున్నదిరా, పెండ్లి పందిరి లెక్క" అన్నాడు. నా ఒళ్లు పులకరించింది.

రుద్రారం దాటాక హారన్ గొంతు మేకపిల్ల గొంతయింది. వైపర్లు అద్దం నడిమధ్యన ఆగిపోయాయి. ఇంజన్ రెండు దగ్గులు దగ్గి ఊరుకుంది. పచ్చదీపాలు మాత్రం మిణుకు మిణుకుమంటూ నన్నే చూస్తున్నాయి.

"ఏమైందిరా?"

"ఏం గాలేదన్నా. ఎర్రలైటు గూడ ఎలగలే."

ఎల్లన్న మెల్లగా నా వైపు తిరిగాడు. "తాళం తిప్పినప్పుడన్న ఎలిగిందా?"

"లేదన్నా. అది ఆదివారం సంది ఎలుగుతలేదు."

తిట్టి ఉంటే బాగుండేది. ఆయన దండ తీసి వదినె చేతికిచ్చి, శాలువా నడుముకు బిగించి, వానలోకి దిగి బానెట్ ఎత్తాడు. వదినె కూడా దిగి ఆయన నెత్తిన గొడుగు పట్టింది.

"ఇంజన్ తిప్పే డైనమోకు మొదలు కొంచెం కరెంటు ఇస్తేనే అది తిరిగి బ్యాటరీకి ఇస్తది. ఆ కొంచెం ఈ ఎర్రలైటు బుగ్గల నుంచే పోవాలె. నువ్వు దాన్ని తీసి, ఎల్‌ఈడీని ఉల్టా పెట్టినవ్. తొవ్వ బందైంది. పొద్దటి సంది బ్యాటరీ ఒక్కతే మోస్తున్నది. సీదా పెట్టినా దాంట్ల పోయే కరెంటు సాలదు. పాత బుగ్గేది?"

"పాత బల్బులన్నీ పారేసినన్నా."

నేను భూమిలోకి కుంగిపోదామనుకున్నాను. కానీ అక్కడంతా తారురోడ్డు. అవతల ఊళ్లో జనం ఎదురుచూస్తున్నారు. ఈయనేమో తడిసిన ధోతితో నా బండి బానెట్ కింద వంగి ఉన్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వాన కాబట్టి ఎవరూ గుర్తించలేదు.

ఎల్లన్న కారు లోపలికి వంగి పైకప్పు దీపం బల్బు ఊడదీశాడు. ఎల్‌ఈడీ ఉన్నచోట రెండు వైర్లు చుట్టి దానికి కలిపాడు. ఇంతలో ఇటుకల ట్రాక్టరు ఒకటి ఆగింది. డ్రైవర్ దండలు వేసిన కారును, గొడుగు కింద జంటను చూసి అడిగాడు.

"పెండ్లి కారా చాచా? దుల్హా ఏడీ?"

"ఈయనే!" అంది వదినె. అంత బాధలోనూ అందరం నవ్వాం.

ట్రాక్టర్ బ్యాటరీ నుంచి వైర్లు తగిలించి తాళం తిప్పాను. ఎల్లన్న చేతిలోని బల్బు వెలిగింది, ఇంజన్ అందుకుంది. కాస్త ఆక్సిలరేటర్ తొక్కమన్నాడు. బల్బు ఆరిపోయింది, చార్జింగ్ మొదలైంది.

"సూసినవా? ఎలిగి ఆరుడు వేరు, ఎలగకపోవుడు వేరు. గిదొక్కటి నీకు నేర్పలే. తప్పు నాదే."

ఆ మాట నన్ను తిట్టుకన్నా గట్టిగా కొట్టింది.

గంట ఆలస్యంగా ఊరు చేరాం. డప్పులవాళ్లు తడిసిన డప్పులను మంట మీద కాచుకుంటూ కూర్చున్నారు. మమ్మల్ని చూడగానే మోగించారు. ఆడవాళ్లు వదినె చుట్టూ మూగి ఎందుకింత ఆలస్యమని అడిగారు. నేను కారు చాటున దాక్కున్నాను.

"ముప్పై ఏండ్ల సంది పనికి పోతున్న, పోతున్న అనుడే గని, ఏం పని జేస్తడో ఎన్నడు సూడలే" అంది వదినె, గొడుగు దులుపుతూ. "ఇయ్యాల సూసిన."

అంతే అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖం చూసి, నేను చాటు నుంచి ఇవతలికి వచ్చాను. ఎల్లన్న తలవంచుకుని శాలువా సర్దుకుంటున్నాడు. సన్మానసభలో అంతమంది పొగిడినా ఆయనకు అంత సిగ్గు వేయలేదు.

భోజనాలయ్యాక బయలుదేరుతుంటే ఎల్లన్న కారు కిటికీ దగ్గరకు వచ్చాడు.

"ఆ ఎల్‌ఈడీలు ఇంకేమన్న మిగిలినయారా?"

"ఎందుకన్నా?"

"ఉంటే మా దేవుని అర్రల పెడుతా. ఆడ డైనమో లేదు."

కాబట్టి పాఠక మహాశయులారా, నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. వెలగని దీపాన్ని చూసి అంతా బాగుందని ఈ జన్మలో మళ్లీ అనుకోను. అది నేను బిగించిన దీపమైతే అసలే అనుకోను.