పాస్టరమ్మ తెరిచిన పెట్టె

తాళమంటే ఇనుముతోనే చేస్తారని, రహస్యమంటే చెవిలోనే చెబుతారని మేమంతా నమ్ముకున్న కాలం ఒకటుండేది. కట్టంగూర్‌లో మా ఇంటి తలుపుకు గొళ్లెం తప్ప తాళం ఎరగం. ఉత్తరం వస్తే, చదువు రానివాళ్లు దాన్ని పట్టుకుని ఆదివారం ఆరాధన అయ్యాక మా బాపు దగ్గరికి వచ్చేవాళ్లు. ఆయన మా చర్చి సంఘపెద్ద గనక గొంతు సవరించుకుని, పక్క వరుసకు కూడా వినబడేలా చదివేవాడు. ఎవరి కూతురు అలిగింది, ఎవరి అల్లుడికి మూలశంక వచ్చింది, అన్నీ ప్రార్థన విన్నపాలై సంఘమంతా తిరిగేవి. అందులో సిగ్గుపడాల్సింది ఏదైనా ఉందని మాకెవరికీ తోచలేదు. అలాంటి చోట పుట్టి, తొంభైల చివర కంప్యూటర్ కోర్సు చేసి, 'నా సొంత విషయాలు' అనే మాటను ఆ సంఘంలోకి మొట్టమొదట మోసుకొచ్చిన ఘనత నాదే.

కారణం ఒక ఉద్యోగం. హైదరాబాదులోని ఒక కంప్యూటర్ శిక్షణ సంస్థ నల్లగొండలో శాఖ తెరుస్తూ, పాఠాలు చెప్పేవాళ్లు కావాలని పేపర్లో వేసింది. ఇంటర్వ్యూ పిలుపు ఈమెయిల్లోనే పంపుతారట (ఈమెయిల్ తెరవడం రానివాళ్లు పిల్లలకేం నేర్పుతారని వాళ్ల ఉద్దేశం, న్యాయమే). డిగ్రీ అయిపోయి ఏడాదిగా ఇంట్లోనే ఉన్నాను. ఇది కూడా తప్పిపోతే కంప్యూటర్ ఊసెత్తకుండా మా మేనత్త కుట్టుమిషన్ పక్కన కూర్చోవాలని బాపుకూ నాకూ ఒప్పందం. గుండీలు కుట్టడం కూడా సరిగ్గా రాని నాకు ఆ ఉద్యోగం ఎంత అవసరమో మీరే ఊహించుకోండి.

నకిరేకల్ బస్టాండు వెనక కొత్తగా నెట్ సెంటర్ పెట్టిన యువకుణ్ణి అందరూ నెట్ భాయ్ అనేవాళ్లు. ఈమెయిల్ పెట్టె తెరుచుకుందామని వెళితే, నన్ను ఒంటరిగా పంపడం ఇష్టంలేక బాపు కూడా వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"ఎంత తీసుకుంటడట గీ పెట్టెకు?" అన్నాడు భాయ్‌తో.

"ఏం తీస్కోరు చాచా. అమెరికా కంపెనీ. ముఫత్‌గ ఇస్తరు."

"ముఫత్‌గ ఎందుకిస్తడు? వానికేం పుట్టింది?"

ఇంతలో తెర మీద ఫారం వచ్చింది. పేరు, పుట్టిన తేదీ, ఆదాయం, ఇష్టమైన కాలక్షేపాలు. నేను ఒక్కొక్కటీ తెలుగులో చెబుతుంటే బాపు మొహం ఎర్రబడింది.

"అమెరికోనికి నా బిడ్డ పుట్టిన్రోజెందుకు? కేకు పంపుతడా? ఏమిష్టమో గూడ అడుగుతాండు, సంబంధం మాట్లాడుతాండా ఏంది? నా బిడ్డ సంగతులన్ని ఎరిగినోడు పైన ఒక్కడున్నడు. ఇంకోడు అక్కెరలేదు. ఖాళీగ ఇడిశిపెట్టు."

ఖాళీగా వదిలితే ఎర్రక్షరాలు వచ్చాయి. తప్పుడు తేదీ వేద్దామంటే నేను ఆదివారపు బడిలో పిల్లలకు 'అబద్ధమాడరాదు' అని నేర్పేదాన్ని, ఆయనేమో సంఘపెద్ద. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అప్పుడు బాపుకు ఒక వెలుగు దొరికింది. "నువ్వు బాప్తిస్మం తీసుకున్న తారీఖు రాయి. తిరిగి పుట్టిన దినం గదా. అబద్ధమెట్లయితది?" ఆ వాదనలో నాకూ లోపమేమీ కనిపించలేదు. సంతోషంగా ఆ తేదీ కొట్టాను. నేను బాప్తిస్మం తీసుకున్నది పదిహేడో ఏట. ఆ లెక్కన నా వయసు ఐదేళ్లని కంపెనీ తేల్చుకుని, చిన్నపిల్లలు తల్లిదండ్రుల అనుమతితో రావాలని చెప్పింది.

"నేనీడనే ఉన్న గదా!" బాపు తెర వైపు వంగి గట్టిగా అన్నాడు. "నేనే తండ్రిని. నేనే తోల్కొచ్చిన. ఇయ్యమను!"

"చాచా, వానికి మన మాట వినపడదు," అన్నాడు భాయ్, నవ్వు ఆపుకోలేక.

"ఇనపడనోనికి ఇన్ని ప్రశ్నలెందుకు?"

చివరికి అసలు తేదీయే ఇచ్చుకున్నాం. బాపు కళ్లు మూసుకుని 'ప్రభువా' అన్నాడు, నన్నెవరో నాటు పడవలో ఎక్కించి సముద్రంలోకి తోసినట్టు. తరువాత పాస్‌వర్డ్. "అక్కా, ఇది ఎవ్వరికి చెప్పొద్దు. చాచాకు గూడ," అని భాయ్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. బాపును కూడా తిప్పాడు. మా సంఘంలో జనవరి ఒకటి పొద్దున స్టీలు పళ్లెంలో వాగ్దానపు కార్డులు పెడతారు. ఒక్కొక్కరం ఒకటి తీసుకుంటాం. అందులోని వాక్యమే ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట. నా కార్డు మీది బైబిలు గ్రంథం పేరు, వాక్యం అంకెలు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. ఇక ఇది నాకూ దేవుడికీ తప్ప మూడోవారికి తెలియదనుకుంటే ఒళ్లు పులకరించింది.

దరఖాస్తు వెళ్లిపోయింది. పదిరోజుల్లో పిలుపు వస్తుందనగా నాకు చికెన్‌పాక్స్ వచ్చింది. ఒళ్లంతా పొక్కులు, పక్క గదిలో పడుకోబెట్టి కిటికీలోంచే మాట్లాడేవాళ్లు. నకిరేకల్ వెళ్లి పెట్టె చూసి రావాలంటే ఎవరికో ఒకరికి పాస్‌వర్డ్ చెప్పాలి. నేను చెప్పనన్నాను. "చెప్పకు బిడ్డా, గట్లనే ఉండాలె," అని బాపు గర్వపడ్డాడు, తనకు కూడా చెప్పనందుకు! పాస్‌వర్డ్ బదులు సంఘానికి ప్రార్థన విన్నపం పంపాను: పిలుపు నాకు అందేలా ప్రార్థించండి అని. ఉద్యోగం చేజారుతుంటే గది కప్పు చూస్తూ పడుకున్న నా విశ్వాసం అప్పట్లో నాకు చాలా గొప్పగా అనిపించింది.

గురువారం మధ్యాహ్నం పాస్టరమ్మ, అంటే మా పాస్టరుగారి భార్య, కిటికీ దగ్గరికి వచ్చింది. చేతిలో అచ్చయిన కాగితం. "బిడ్డా, నీకు పిలుపొచ్చింది. సోమవారమే రమ్మన్నరు. పిల్లకు పానం బాగలేదు, జర తారీఖు మార్చుండ్రి, ఆమె కోసం ప్రార్థన చేయుండ్రి అని నేను జవాబు రాసి పంపిన."

ఆవిడ పక్కనే నిలబడ్డ బాపు ఎగిరిపడ్డాడు. "గా కాయితం మీకెట్ల దొరికింది అమ్మగారూ? నేను ముందే చెప్పిన! అమెరికోడు మన సంగతులు అమ్ముకుంటాండు! మీక్కూడ అమ్మిండా?"

"అమెరికోడు నాకెందుకు అమ్ముతడన్నా? నేనే తెరిచిన. టైపు పరీక్ష పాసైనదాన్ని, నాకు కొట్టరాదా?"

"పాస్‌వర్డ్?" అన్నాను, దుప్పట్లోంచి.

పాస్టరమ్మ నన్ను జాలిగా చూసింది. "పిచ్చిపిల్లా, జనవరి ఒకటిన మైకులో నువ్వే చదివితివి గదా. కార్డు తెచ్చి అద్దానికి గూడ అంటించుకుంటివి. మనోళ్ల పిల్ల ఇంకేం పెట్టుకుంటది? నీ పెట్టె పేరు నెట్ పిలగాని కంప్యూటర్లనే ఉండె, రెండోసారికే తెరుచుకుంది. నెట్ పిలగాడు వద్దు వద్దన్నడు గని, నేను ఇనలే."

"అయినా నన్ను అడగాలి కదమ్మా," అన్నాను ఏడుపు గొంతుతో.

"అడిగితే చెప్తుంటివా? ప్రార్థన చెయ్యమంటివి, చేసిన. చేసినంక ఊకె కూసుంటరా?"

సంస్థవాళ్లు రెండు వారాలు గడువిచ్చారు. పొక్కుల మచ్చలతో హైదరాబాదు వెళ్లాను. ఇంటర్వ్యూ చేసే సారు ముందు పాస్టరమ్మ జవాబు అచ్చువేసి ఉంది, కింద 'కాపరి భార్య', అంటే పాస్టరు భార్య, అనే సంతకంతో సహా. "ఇది మీరు రాయలేదని తెలుస్తూనే ఉంది. ఆవిడకు మీ పాస్‌వర్డ్ చెప్పారా?" అన్నాడు. అవునంటే ఉద్యోగం పోతుంది. లేదని ఊరుకుంటే సగం నిజం.

"చెప్పలేదు సార్. కానీ మా సంఘంలో నూట యాభై మందికి తెలుసు," అన్నాను, జరిగిందంతా వివరిస్తూ.

ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు నవ్వాడు. "నిజం చెప్పేవాళ్లకు కంప్యూటర్ నేర్పొచ్చు. ముందు ఇక్కడే కూర్చుని ఆ పాస్‌వర్డ్ మార్చండి," అంటూ కుర్చీ అటు తిప్పుకున్నాడు. ఉద్యోగం నాదని అప్పుడర్థమైంది. తొందరలో మూడుసార్లు తప్పు కొట్టాను. మనసులో మాత్రం స్తోత్రం ఒక్కసారి కూడా తప్పలేదు.

ఊరికి రాగానే మిఠాయి పొట్లంతో పాస్టరమ్మ ఇంటికి వెళ్లాను. కృతజ్ఞతలు చెప్పి ఊరుకోవచ్చా? లేదు. అరుగు మీద కూర్చుని పాస్‌వర్డ్ ఎంత పవిత్రమైందో, ఇతరుల పెట్టె తెరవడం ఎంత తప్పో, కంపెనీలను ఎందుకు నమ్మకూడదో ఆవిడకు పావుగంట బోధించాను. కొత్త ఉద్యోగపు వేడి మరి. ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ, ఆదివారం ప్రసంగం వింటున్నంత ఓపికగా అంతా విన్నది. "మార్చినవా? మంచిదే," అన్నది చివరికి. "కొత్తది నాకు చెప్పకు. పానం బాగలేకుంటె మాత్రం చెప్పి పంపు."

సరే అనైనా అనలేదు అప్పటి నేను, ఆ ఇరవై రెండేళ్ల కంప్యూటర్ టీచరు. తన రహస్యం భద్రంగా ఉందన్న సంతోషంలో, ఖాళీ సంచి ఊపుకుంటూ, తల ఎత్తుకుని ఇంటికి వెళ్లిపోయింది. వెనక నుంచి చూస్తే ఎంత ముచ్చటగా ఉండేదో, పాపం.